35 రోజుల లాబ్రడార్ వద్దు, సెల్లార్ పిల్ల విషయంలోనూ తొందర వద్దు

ప్రశ్న: మేం హైదరాబాద్ మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉంటాం, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇద్దరం ఉద్యోగస్తులమే. నేను ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్తే తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. మావారికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని. పాప ఐదో తరగతి, ఏడాదిగా కుక్క కావాలని ఒకటే గొడవ. మావారి కొలీగ్‌కి తెలిసిన బ్రీడర్ 35 రోజుల లాబ్రడార్ పిల్లను 14 వేలకు ఇస్తానంటున్నాడు, పేపర్లు కావాలంటే ఇంకో పది వేలట. ఈలోగా మా సెల్లార్‌లో ఒక వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది, మూడు వారాలయింది. వాటిలో ఒకదాన్ని తెచ్చుకుందామని పాప రోజూ ఏడుస్తోంది. తెనాలి నుంచి వచ్చి ఏడాదిలో ఆర్నెల్లు మా దగ్గరే ఉండే అత్తగారు వీధికుక్క అంటే రేబీస్ భయమని, అసలు ఏ కుక్కయినా పూజగది ఉన్న ఇంట్లో ఎలా అని అంటున్నారు. పైగా అసోసియేషన్ వాళ్ళు పెంపుడు జంతువులు నిషేధం అని నోటీసు అంటించారు. దసరా సెలవుల్లోపు తేల్చమని పాప పట్టు. కొనమంటారా, దత్తత తీసుకోమంటారా? – ఒక అమ్మ, మియాపూర్

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ బ్రీడర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. అడ్వాన్స్ ఏమైనా ఇచ్చి ఉంటే అది పోయినా పర్వాలేదు.

35 రోజుల పిల్లను అమ్మకూడదు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లోనే ఆ మాట ఉంది: ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడానికి వీల్లేదు, బ్రీడింగ్ చేసేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి, ఒక తల్లికి ఏడాదికి ఒక కాన్పుకు మించకూడదు, మొత్తం మీద ఐదు కాన్పులు దాటకూడదు. ఇవేవీ పాటించని మనిషి మీకు అమ్మిన తర్వాత ఫోన్ ఎత్తుతాడని నమ్మకం పెట్టుకోకండి. అయినా నెల పిల్లల్నే ఎందుకు అమ్ముతారంటే కారణం చాలా మామూలుది. నెల దాటాక పిల్లలు తల్లి పాలతో సరిపెట్టుకోవు, మేత ఖర్చు మొదలవుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించాలి, నులిపురుగుల మందు పట్టించాలి, పైగా పిల్ల పెద్దదయ్యే కొద్దీ కొనేవాళ్ళకి ముద్దు తగ్గుతుంది. అందుకని అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడే అమ్మేసి, ఆ ఖర్చూ ఆ టెన్షనూ కొన్నవాళ్ళ నెత్తిన వేస్తారు.

పిల్లకి జరిగే నష్టం అంతకంటే ఎక్కువ. మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా అది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉండి నేర్చుకోవలసినవి ఉంటాయి. ముఖ్యంగా కొరకడం. ఆటలో గట్టిగా కొరికితే రెండో పిల్ల కుయ్యోమని అరిచి ఆట ఆపేస్తుంది, తల్లి గుర్రుమంటుంది, అలా ఎంత నొక్కితే నొప్పి పుడుతుందో దానికి తెలుస్తుంది. ఆ పాఠం మధ్యలోనే ఆగిపోయిన పిల్ల మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది. "మా లాబ్ తెగ కొరుకుతోందండీ, లాబ్‌లు శాంతంగా ఉంటాయన్నారే" అని అడిగేవాళ్ళలో చాలామంది నెల పిల్లని తెచ్చినవాళ్ళే.

ఇంక పార్వో సంగతి. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే కొనేముందు ఎవరూ చెప్పరు. ఇది వైరస్, పేగుల్ని పట్టుకుంటుంది. వాంతులు, రక్తవిరేచనాలు, తిండి మానేయడం, రెండు మూడు రోజుల్లోనే చిన్న పిల్లలు చనిపోవచ్చు. శరీరంలోకి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే అమ్మే రోజున పిల్ల తోక ఊపుతూ గంతులేస్తూనే ఉంటుంది, మీ ఇంటికొచ్చిన నాలుగో రోజున పడిపోతుంది, "మా దగ్గర బాగానే ఉంది మేడమ్, మీరే ఏదో పెట్టి ఉంటారు" అని అవతలి నుంచి సమాధానం. వెటర్నరీ క్లినిక్ బెంచీ మీద సెలైన్ ఎక్కుతున్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని స్కూల్ యూనిఫామ్‌లోనే కూర్చున్న పిల్లల్ని చాలాసార్లు చూశాను, ఆ దుఃఖం మీ పాపకి అక్కర్లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ వైరస్ ఇంట్లో, నేల మీద, గుడ్డల్లో నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు. ఒక పిల్ల పార్వోతో పోయిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లని తెస్తే అదీ పోయే ప్రమాదం ఉంది.

పేపర్లకి పది వేలంటే అవి ఆరోగ్యానికి గ్యారంటీ అనుకుంటారు చాలామంది. కాదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం దాని తల్లిదండ్రులు ఎవరు, ఏ జాతి అన్నంతవరకే చెబుతుంది. లాబ్రడార్లకి, జర్మన్ షెపర్డ్‌లకి తుంటి కీలు సరిగ్గా కుదరక కుంటే జబ్బు వంశంలో వస్తుంది, అది ఉందో లేదో తల్లిదండ్రుల ఎక్స్‌రేలు తీస్తే తెలుస్తుంది గానీ ఆ కాగితంలో ఉండదు. అయినా ఒకే పిల్ల పేపర్లు లేకుండా 14, పేపర్లతో 24 అంటున్నాడంటేనే అవి ఎలాంటి పేపర్లో ఆలోచించండి.

సరే, అయితే సెల్లార్ పిల్లని తెచ్చుకోండి అంటానని మీ పాప ఎదురుచూస్తూ ఉంటుంది. అదీ ఇప్పుడు వద్దు. మూడు వారాల పిల్లని తల్లి దగ్గర్నుంచి తీస్తే, బ్రీడర్ చేసిన తప్పే మనమూ ఉచితంగా చేసినట్టు. వీధికుక్క పిల్లకి ఏమీ కాదు, అది గట్టి ప్రాణం అంటారు కదా, పెద్దయినవాటిని చూసి అనే మాట అది. మన కళ్ళ ముందు తిరిగే పెద్ద కుక్కలు బతికి బట్టకట్టినవి. ఒక్కో ఈతలో పోయినవెన్నో ఎవరూ చూడరు. పార్వో, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు, కడుపులో పురుగులు, పిడుదులు, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్, ఇవన్నీ సెల్లార్ పిల్లకీ ఉంటాయి. కాబట్టి ఉచితంగా వచ్చినంత మాత్రాన ఖర్చు లేని కుక్క అనుకోవద్దు. తెచ్చుకునేదైతే ఎనిమిది వారాలు నిండాక, వెటర్నరీ డాక్టరుకి చూపించి, నులిపురుగుల మందు, మొదటి టీకా అయ్యాకే తేవాలి. ఈ ఐదు వారాలూ ఆ తల్లికి తిండి పెట్టండి, అదే పిల్లలకి మీరు చేయగలిగిన పెద్ద సాయం.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి. మీ ఉత్తరంలో నాకు కళ్ళకి కట్టింది లాబ్రడారూ కాదు, సెల్లార్ పిల్లా కాదు, ఎనిమిదిన్నర నుంచి ఆరున్నర అన్న మాట. కొనడమా దత్తతా అన్నది రెండో ప్రశ్న. చిన్నపిల్లా పెద్ద కుక్కా అన్నది మొదటి ప్రశ్న, అది మీరు వేసుకోలేదు. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు గంట, రెండు గంటలకోసారి ఒంటికి పోస్తుంది. రోజుకి నాలుగుసార్లు తింటుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలలు వచ్చేదాకా, దాన్ని రోడ్డు మీద తిప్పకూడదు, అంటే మీ నాలుగో అంతస్తు బాల్కనీయే దాని ప్రపంచం. పళ్ళు మారేటప్పుడు చెప్పులు, ఛార్జర్ వైర్లు, సోఫా మూలలు, ఏది దొరికితే అది నములుతుంది. వారంలో మూడు రోజులు పది గంటలు దాన్ని ఒంటరిగా బాత్రూంలోనో బాల్కనీలోనో కట్టేసి వెళ్తే ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటుంది, పక్క ఫ్లాట్ వాళ్ళు వచ్చి తలుపు కొడతారు, అసోసియేషన్ నోటీసుకి అప్పుడు నిజంగానే బలం వస్తుంది. మీ అత్తగారు ఉన్నప్పుడు ఆవిడ చూసుకుంటారులే అనుకుంటున్నారేమో. ఇష్టం లేదని చెప్పిన పెద్దావిడ మీద రోజుకి నాలుగుసార్లు గచ్చు తుడిచే పని పెట్టడం భావ్యం కాదు.

కాబట్టి నా సలహా ఇది: పిల్లని తేకండి. ఏడాదిన్నర, రెండేళ్ళు నిండిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిన, ఎవరింట్లోనైనా కొన్నాళ్ళు ఉన్న పెద్ద కుక్కని దత్తత తీసుకోండి.

చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది, చిన్నప్పటి నుంచి పెంచితేనే మన మీద ప్రేమ ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. అది నిజం కాదు. పెద్ద కుక్క కొత్త ఇంటికి అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో మంచం కింద దాక్కుంటుంది, తిండి సరిగా తినదు, కొందరైతే అది చూసి మనకి సరిపడదు అని మూడో రోజే వెనక్కి ఇచ్చేస్తారు. ఓపిక పడితే ఒకటి రెండు నెలలకి అది మీ ఇంటి మనిషే. పెద్ద కుక్కలో ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే అది ఎలాంటిదో ముందే చూసి తెచ్చుకోవచ్చు. పిల్లగా ఉన్నప్పుడు అన్నీ ముద్దుగానే ఉంటాయి, ఏది ఎంత పెరుగుతుందో, ఏది మొరుగుతుందో, ఏది పిల్లల్ని చూస్తే భయపడుతుందో ఎవరూ చెప్పలేరు. రెండేళ్ళ కుక్క విషయంలో అన్నీ అడగచ్చు. పిల్లలతో ఎలా ఉంటుంది, గిన్నె దగ్గర చెయ్యి పెడితే గుర్రుమంటుందా, ఒంటరిగా ఆరేడు గంటలు ఉండగలదా, లిఫ్ట్ ఎక్కుతుందా, బెల్టు వేస్తే నడుస్తుందా, బయటే ఒంటికి వెళ్ళే అలవాటు ఉందా. ఈ ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పే షెల్టర్‌నో, తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకుని సాకే ఫాస్టర్ కుటుంబాన్నో నమ్మచ్చు. అన్నిటికీ "సూపర్ అండీ, బంగారం" అనేవాళ్ళతో జాగ్రత్త. పుట్టినప్పటి నుంచి రోడ్డు మీదే తిరిగి, వీధంతా తన ఇల్లనుకునే కుక్కని మాత్రం ఒక్కసారిగా ఫ్లాట్‌లో మూసిపెట్టకండి, చాలావాటికి అది శిక్ష. అందుకే ఇంట్లో ఉన్న అనుభవం ఉన్నదాన్ని చూడమన్నాను.

"మావారికి లాబ్రడారే ఇష్టం" అంటారా, దత్తత అంటే వీధికుక్క ఒక్కటే అని ఎవరన్నారు? షెల్టర్లలో లాబ్‌లు, జర్మన్ షెపర్డ్‌లు, పగ్‌లు, హస్కీలు కూడా ఉంటాయి. 2003లో హచ్ ప్రకటనలో ఒక పిల్లాడి వెనక పగ్ తిరిగాక దేశమంతా పగ్‌ల కోసం ఎగబడింది. ఆ చప్పిడి ముక్కుకి మన ఎండల్లో ఊపిరాడదన్న సంగతి తెచ్చుకున్నాక తెలిసింది. తర్వాత హస్కీల మోజు, మంచు దేశంలో బండి లాగడానికి రెండు పొరల బొచ్చుతో పుట్టిన జంతువు, మే నెల హైదరాబాద్‌లో దానికి ఏసీ గదే దిక్కు. కరోనా లాక్‌డౌన్‌లో ఇంట్లో కాలక్షేపం కోసం కొన్నవాళ్ళూ ఉన్నారు, ఆఫీసులు తెరిచాక ఆ కుక్కల్ని ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. ఉద్యోగాలు మారి, విదేశాలకి వెళ్ళిపోయి, ఇంట్లో పసిబిడ్డ పుట్టి, ఇలా రకరకాల కారణాలతో వదిలేసినవి. వాటి తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, అక్కడ దత్తతకి ఇస్తారు. ఇదే ప్రశ్న వైజాగ్ నుంచి వచ్చి ఉంటే విశాఖలోని జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ పేరు చెప్పేదాన్ని. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ వాళ్ళే బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టారు, అలాంటివి మళ్ళీ ఎప్పుడైనా పెడతారేమో కనుక్కుంటూ ఉండండి. అయితే ఒకటి, లాబ్ అంటే 25 నుంచి 35 కిలోల జంతువు, దానికి రోజూ పొద్దున సాయంత్రం బాగా నడక కావాలి, లేకపోతే లావెక్కి కీళ్ళు పాడవుతాయి. మీ ఫ్లాట్‌కి, మీ వేళలకి నేనైతే మధ్యరకం సైజు ఇండీనే, అంటే మన దేశీ కుక్కనే ఎంచుకుంటాను. పొట్టి బొచ్చు, మన ఎండకి మన వానకి పుట్టింది, ఒకే వంశంలో జత కలిపి పెంచిన జాతుల్లో కనిపించే జబ్బులు దీనిలో తక్కువ.

మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, ఆవిడ తరం ఊళ్ళో అలాంటి చావుల్ని చూసి ఉంటుంది. ఆవిడకి చెప్పవలసింది ఏమిటంటే, రేబీస్ కుక్క జాతిని బట్టి రాదు, టీకా లేకపోవడాన్ని బట్టి వస్తుంది. టీకా వేయించని లాబ్రడార్ వల్ల వచ్చే ప్రమాదం టీకా వేయించిన వీధికుక్క వల్ల ఉండదు. రేబీస్ టీకా మూడు నెలల వయసులో వేస్తారు, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా. ఇది కూడా పెద్ద కుక్కని తెమ్మనడానికి ఒక కారణమే. కుక్కపిల్లలకి మూడు నెలల దాకా ఆ రక్షణ ఉండదు, మీరు తెచ్చే పెద్ద కుక్కకి టీకా కార్డు చేతిలో పట్టుకుని మరీ తెచ్చుకోవచ్చు. ఈలోపు సెల్లార్‌లో మీ పాప ఆ పిల్లలతో ఆడుతోంది కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి, పన్ను దిగినా, గోరు గీసుకున్నా వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపూ కారమూ ఏవీ పెట్టకుండా, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చిన్న పిల్లే కదా అని ఊరుకోవద్దు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలోనూ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ యాంటీ రేబీస్ టీకాలు వేస్తారు. ఇంట్లో కుక్క ఉండబోతోంది కాబట్టి మనుషులు ముందుగానే వేయించుకునే టీకాలు కూడా ఉన్నాయి, మీ డాక్టరుని అడగండి.

పూజగది సంగతి అత్తగారితో కూర్చుని మాట్లాడుకోండి, వాదించకండి. మడి కట్టుకునే ఇళ్ళలో కుక్కలు పెరగడం లేదా? పెరుగుతున్నాయి, ఒక గది గడప దాటకూడదని దానికి నేర్పిస్తారు, పెద్ద కుక్క అది రెండు వారాల్లో నేర్చుకుంటుంది. చిన్న గేటు ఒకటి పెట్టిస్తే ఇంకా నయం. పూజగది, వంటగది ఆవిడవి, కుక్క పనులు ఏవీ ఆవిడకి చెప్పం, ఈ రెండు మాటలు మీవారు స్వయంగా తల్లితో అనాలి. కోడలు చెప్తే ఒకలాగ, కొడుకు చెప్తే ఇంకోలాగ ఉంటుంది, మీకు తెలియనిది కాదు. ఆవిడ ఒప్పుకోకుండా మాత్రం తీసుకురావద్దు. ఇంట్లో ఒక్కరికి గిట్టకపోయినా ఆ కుక్క చివరికి వెనక్కి వెళ్ళేదే.

అసోసియేషన్ నోటీసుకి భయపడకండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని, మెజారిటీ ఓట్లతో తీర్మానం చేసినా అది చెల్లదని, లిఫ్ట్ ఎక్కనివ్వమని అనకూడదని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాపీ ప్రింట్ తీసి సెక్రటరీ గారికి ఇవ్వండి, కానీ గొడవకి వెళ్ళినట్టు కాదు, కుక్క రాకముందే వెళ్ళి కూర్చుని మాట్లాడండి. మన వైపు నుంచి చేయవలసినవీ ఉన్నాయి: కామన్ ఏరియాలో ఎప్పుడూ బెల్టుతోనే తిప్పాలి, మలం కవర్‌తో ఎత్తాలి, లిఫ్ట్‌లో ఎవరైనా భయపడితే తర్వాతి లిఫ్ట్‌కి ఆగాలి. కార్పొరేషన్ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి రేబీస్ టీకా సర్టిఫికెట్ కావాలి.

ఖర్చు సంగతి అడగలేదు గానీ చెప్తాను. 14 వేలు పెద్ద ఖర్చు కాదు, కుక్క పదమూడు, పధ్నాలుగేళ్ళు బతుకుతుంది, అసలు ఖర్చు ఆ కాలమంతా సాగేది. మధ్యరకం కుక్కకి అన్నం, గుడ్డు, ఉడికించిన చికెన్, పెరుగు, కొంచెం డ్రై ఫుడ్ కలిపి నెలకి మూడు నాలుగు వేలు వేసుకోండి. టీకాలు, పిడుదుల మందు, నులిపురుగుల మందు వేరే. జబ్బు చేస్తే ప్రైవేటు క్లినిక్‌లో బిల్లు వేలల్లోకి వెళ్ళడం మామూలే. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, మీకు దూరమే గానీ తెలిసి ఉండటం మంచిది. ఊరెళ్ళినప్పుడు బోర్డింగ్‌లో పెట్టాలంటే రోజుకి ఇంత అని తీసుకుంటారు. సంక్రాంతికి తెనాలి వెళ్తారు కదా, కార్లో అయితే కుక్కని తీసుకెళ్ళచ్చు, బస్సులో అయితే ఇబ్బంది, ఇది ఇప్పుడే ఆలోచించుకోండి. తిండి విషయంలో ఒక మాట, మన పండగ వంటల్లో దానికి విషమయ్యేవి చాలా ఉంటాయి. పాయసంలో ఎండు ద్రాక్ష, కూరలో ఉల్లిపాయ, పాప చేతిలో చాక్లెట్, ఈ మూడూ ఎంత బతిమాలినా పెట్టకూడదు. ఉడికిన ఎముకలు చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఆదివారం చికెన్ ఎముకలన్నీ దానికే అనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి, అలా చేయకండి.

పాపకి పదేళ్ళు. కుక్క బాధ్యత మొత్తం నీదే అని ఒప్పించి తీసుకొస్తారు చాలామంది, తర్వాత పాప మర్చిపోయిన రోజున "నీకోసమే కదా తెచ్చింది" అని తిడతారు. పదేళ్ళ పిల్లకి ఒక ప్రాణి బాధ్యత మొత్తం అప్పజెప్పకూడదు. నీళ్ళ గిన్నె నింపడం, దువ్వడం, సాయంత్రం మీతోపాటు నడకకి రావడం, అంతవరకు చాలు. పొద్దున ఆరింటి నడక మీవారిదో మీదో, వానొచ్చినా తప్పనిది. మీ ఇద్దరిలో ఎవరు అన్నది తేలకపోతే అసలు ఏ కుక్కా వద్దు. ఇది గట్టిగానే చెప్తున్నాను. మీరు ఇంట్లో లేని మూడు రోజులకి మధ్యాహ్నం ఒకసారి వచ్చి బయటికి తిప్పే మనిషిని కూడా ముందే కుదుర్చుకోవాలి, చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబంలో ఎవరో ఒకరు ఈ పని చేస్తారు, డబ్బు సరిగ్గా ఇవ్వండి.

కొనడమే పాపం అని మాత్రం నేను అనను. పొలం కాపలాకి ముధోల్ జాతి కుక్కల్ని పెంచేవాళ్ళున్నారు, ఫలానా జాతే కావాలనడానికి నిజమైన అవసరం ఉన్నవాళ్ళున్నారు. కొనేవాళ్ళు పిల్లని కాదు, ముందు తల్లిని చూడాలి. అది ఎక్కడ ఉంటోంది, ఒంటి మీద కండ ఉందా, మనుషుల్ని చూసి బెదురుతోందా చూడాలి. తల్లిని చూపించనివాళ్ళ దగ్గర కొనకూడదు. టీకా కార్డులో డాక్టరు సంతకం, మందు సీసా మీది స్టిక్కరు ఉండాలి. ఫొటో పంపి అడ్వాన్స్ వేయించుకుని మాయమయ్యేవాళ్ళు, ట్రావెల్స్ బస్సు డిక్కీలో అట్టపెట్టెలో పెట్టి పంపేవాళ్ళు, వీళ్ళిద్దరికీ దూరంగా ఉండండి. మీ ఇంటి పరిస్థితికి మాత్రం కొనవలసిన కారణం ఒక్కటీ నాకు కనిపించలేదు.

సెల్లార్‌లోని ఐదింటి సంగతి. వాటి గురించి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాయండి, ఎనిమిది వారాలు నిండేలోపు రెండిళ్ళు దొరికినా మేలే. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న వీధికుక్కల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఒక మాట ఉంది, దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదే. అది గ్రూపులో కూడా పెట్టండి, మోజుకి ముందుకొచ్చేవాళ్ళు తగ్గుతారు. తల్లికి ఆపరేషన్ చేయించకపోతే ఆర్నెల్లకి మళ్ళీ ఐదో ఆరో పుడతాయి. పిల్లలు పాలు మానాక కార్పొరేషన్ వాళ్ళకి చెప్తే తీసుకెళ్ళి ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, చెవికి గుర్తు కత్తిరించి, మళ్ళీ అక్కడే వదులుతారు. జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం తెచ్చిన చోటే వదలాలి, కాబట్టి "మొత్తానికి తీసుకుపొండి" అనే పొరుగువాళ్ళకి అదీ చెప్పండి.

దసరా సెలవుల్లో పాపని తీసుకుని షెల్టర్‌కి వెళ్ళండి, ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు. నచ్చిన కుక్కతో అక్కడే నడవండి, కూర్చోండి. వీలైతే అత్తగారిని కూడా ఒకసారి తీసుకెళ్ళండి. సెలవుల్లోపే తెచ్చేయాలని పాప పట్టుబట్టినా తేకండి, ఎందుకంటే దసరా అయిన ఇరవై రోజులకే దీపావళి. కొత్త ఇల్లు ఇంకా తెలియని కుక్క టపాసుల మోతకి బెదిరి తలుపు సందులోంచి పారిపోతే నాలుగో అంతస్తు నుంచి కిందికి వచ్చేసరికి ఎటు పోయిందో కనపడదు, ప్రతి దీపావళికీ అలా తప్పిపోయినవెన్నో. టపాసులన్నీ అయిపోయాక, మీవారికి ఇంటి నుంచి పని ఉన్న రోజు చూసుకుని, దానికి ముందూ వెనకా ఇద్దరూ సెలవు పెట్టుకుని తెచ్చుకోండి. ముందు రెండు వారాలు ఫాస్టర్‌గా ఇమ్మని అడగండి, ఒప్పుకునే షెల్టర్లు ఉన్నాయి. అది కుదిరితే దత్తత కాగితాల మీద సంతకం ఆ తర్వాతే పెట్టచ్చు.